గాలము – ధర్మము

ఓరుగల్లునకు పడమటి వైపున జనగామయు, ఆగ్నేయమున మహబూబాబాదును, ఈశాన్యమున భూపాలపల్లియు గలవు. చాలవరకు పూర్వపు వరంగల్లు జిల్లాలోనివైన యీ సీమలు 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన వేర్వేరు జిల్లాలైనవి. జిల్లాలు వేరైనను వీనినన్నింటిని కలిపి యుంచు వస్తువొకటి కలదు. అది చెరువు.

కాకతీయ ప్రభువులు వాగులకు అడ్డముగా కట్టలు పోయించి, వాననీటిని నిలిపి, మెట్టభూములను మాగాణము చేసిరి. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువును గణపతిదేవ చక్రవర్తి సోదరియైన మైలమ త్రవ్వించెను. ఆమె వేయించిన శాసనము కాకతీయుల వంశక్రమమును తెలుపుటచే చరిత్రకారులకు మిక్కిలి విలువైనది. భూపాలపల్లి జిల్లాలోని ఘనపురమున కోటగుళ్ళ చేరువనున్న గణపసముద్రము ఆ చక్రవర్తి పేర వెలసినదే. ఇక జనగామ ప్రాంతము మెట్టసీమ. అచ్చట పెద్ద నదులు లేవు. ఊరూరను గల చిన్న చెరువులు, కుంటలే ప్రజలకు ఆధారము.

చెరువు రైతునకు పంటనిచ్చును, పశువులకు దాహము తీర్చును, చాకలికి రేవగును, జాలరికి జీవనాధారమగును. సాయంసమయమున చెరువుకట్టపై సన్నని వెదురుకఱ్ఱను చేతబూని, నీటివైపు కన్నార్పక చూచుచు కూర్చుండు మనుష్యుని చూడని పల్లెటూరి బాలుడుండడు. అతడు గాలము వేయువాడు. అతనిని చూచి, "పనిలేనివాడు కాలము గడుపుచున్నాడు" అని కొందరు నవ్వుదురు. కాని గాలము వేయుట ఓర్పును, పరిశీలనమును, సంయమమును కోరు విద్య. చేపను పట్టుట యెట్లో తెలిసికొనుట ఆ విద్యలో సగము. ఎప్పుడు పట్టరాదో తెలిసికొనుట తక్కిన సగము.

ఈ విద్య నేటిది కాదు. కల్యాణి చాళుక్య చక్రవర్తియైన మూడవ సోమేశ్వరుడు సుమారు 1130వ సంవత్సర ప్రాంతమున 'మానసోల్లాసము' అను సంస్కృత గ్రంథమును రచించెను. రాజు తెలిసికొనవలసిన పాలనా విషయములు, వైద్యము, వంటలు, సంగీతము, ఆటలు మొదలగు అనేక విషయములు దానిలో గలవు. వినోదములను గూర్చిన భాగమున 'మత్స్యవినోదము' అను ప్రకరణ మొకటి కలదు. గాలమును, దారమును, కఱ్ఱను సిద్ధపరచుట, చేపలకు మేత వేసి మచ్చిక చేయుట, ఏ చేపకు ఏ యెర తగునో యెరుగుట మున్నగునవి అందు వివరింపబడినవి. పొలుసు గల చేపలు, పొలుసు లేని చేపలు అని విభజించి, ముప్పదికి పైబడిన జాతులను ఆ రాజు పేర్కొనెను. ఆ కాలమున అనుమకొండను ఏలుచుండిన రెండవ ప్రోలరాజు చాళుక్యులకు సామంతుడు. కావున ఈ నేలను ఏలిన చక్రవర్తియే గాలపు విద్యను శాస్త్రముగా వ్రాసినాడని చెప్పవచ్చును.

మన దేశమున ఇట్లుండగా, దూరదేశములందు ఈ విద్య వేరొక వింత రూపమును దాల్చెను. సోమేశ్వరునకు సుమారు తొమ్మిది వందల యేండ్లకు పూర్వము రోమను రాజ్యమున ఈలియన్ అను రచయిత యుండెను. మాసిడోనియా దేశపు జాలరులను గూర్చి యతడొక సంగతి వ్రాసెను. అచ్చటి యేటిలో మచ్చలు గల చేపలు కొన్ని నీటిపై నెగురు ఈగలను పట్టి తినుచుండెడివట. జాలరులు ఆ యీగలను పట్టి గాలమునకు గ్రుచ్చ జూచిరి. చేయి తగిలినంతనే వాని రంగు మారి, రెక్కలు వాడిపోవుచుండెను. అందుచే వారొక యుపాయము పన్నిరి. గాలమునకు ఎర్రని ఉన్నిదారము చుట్టి, కోడిపుంజు మెడక్రింది యీకలు రెండు దానికి కట్టి, ఈగను పోలిన బొమ్మను చేసిరి. అది నీటిపై వ్రాలగానే చేప నిజమైన యీగ యనుకొని నోట కరచుకొనుచుండెను.

ఈ కృత్రిమపు ఈగతో చేపను పట్టు పద్ధతి తరువాతి కాలమున ఇంగ్లండు దేశమున మిక్కిలి వృద్ధి చెందెను. 1653లో ఐజాక్ వాల్టన్ అను నతడు గాలపు విద్యపై వ్రాసిన గ్రంథము నేటికిని చదువబడుచున్నది. ఈ పద్ధతికి ముఖ్యమైన చేప 'ట్రౌట్'. ఆంగ్లేయుల కాలమున దానిని తెచ్చి కాశ్మీరపు ఏరులందును, నీలగిరి కొండవాగులందును విడిచిరి. అది చల్లని నీటిలోనే బ్రతుకును. వేసవిలో కాగిపోవు తెలంగాణపు చెరువులలో దానికి చోటు లేదు. అయినను ఆ విద్యలోని మూలసూత్రము మనకును పనికివచ్చును. చేప యేమి తినునో, ఎచ్చట తినునో, ఎప్పుడు తినునో కనిపెట్టి, దానిని పోలిన వస్తువును దాని కంటియెదుట నుంచుటయే ఆ సూత్రము.

ఆ సూత్రమును మన చెరువులకు అన్వయించి చూతము. చేప నోటిని పరీక్షించినచో అది యెచ్చట మేయునో తెలియును. బొచ్చె నోరు పైకి తెరచికొని యుండును. అది నీటి పైభాగమున మేయును. రవ్వ పెదవులు కుచ్చుల వలె నుండును. అది నడిమి నీటిలో తిరుగును. మ్రిగాల్ చేప నోరు క్రిందికి వంగియుండును. అది అడుగుబురదలో వెదకికొనును. జెల్లకును, మార్పునకును మీసములు గలవు. అవి చీకటిలో తడవికొని మేయును. కావున గాలము వేయువాడు బొచ్చెకు బెండును దగ్గరగా కట్టి యెరను పైన నిలుపును. మ్రిగాలునకు యెరను అడుగునకు దింపును. జెల్లలకై ప్రొద్దు గ్రుంకిన పిమ్మట వానపామును గ్రుచ్చి కాచుకొనును. బొచ్చె, రవ్వలకు తవుడు, పిండి కలిపిన ముద్ద చాలును. పరకల వంటి చిరుచేపలకు చిన్న గాలమును, చిటికెడు పిండియు చాలును.

పట్టు విధానమునందును కొన్ని మెలకువలు గలవు. తన నీడ నీటిపై పడకుండునట్లు కూర్చుండవలెను. గట్టుపై కాళ్ళు దబదబలాడింపరాదు. చేప ప్రక్కలయందు తల నుండి తోక వరకు సన్నని గీత యొకటి యుండును. నీటిలోని చిన్న కదలికను సైతము చేప దానిచే గ్రహించును. జీలుగబెండు వణకినంత మాత్రమున కఱ్ఱను లాగరాదు; చేప అప్పుడు ఎరను రుచి చూచుచుండును. బెండు మునిగి ఒక ప్రక్కకు సాగినపుడు మణికట్టుతో కొద్దిగా ఎత్తవలెను. పెద్ద చేప చిక్కినచో దానితో బలము చూపరాదు. అది పోవునపుడు కొంత వదలుచు, అలసినపుడు మెల్లగా దగ్గరకు తీయవలెను. తొందరపడువానికి దారము తెగుట తప్ప లాభముండదు.

ఈ చెరువులలోని చేపలన్నింటిలో ఘనమైనది కొరమీను. 2016లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్రపు చేపగా ఎన్నుకొన్నది. పాము తల వంటి తలయు, గుండ్రని పొడవైన దేహమును, నల్లని వీపును దీని గుర్తులు. నీటిలోని గాలి చాలనపుడు ఇది పైకి వచ్చి, నోటితో గాలిని పీల్చుకొనును. అందుచే నీరు తక్కువైన కుంటలో గూడ బ్రతుకును. చెరువు ఎండినపుడు తడిబురదలో దూరి కొంతకాలము ప్రాణము నిలుపుకొనును. అంగడిలో దీనిని ప్రాణముతోనే అమ్ముదురు. ముండ్లు తక్కువగుటచేతను, రుచి యధికమగుటచేతను తక్కిన చేపలకంటె మంచి ధర పలుకును.

కొరమీను వేటాడు చేప. తామరాకుల మధ్యను, తుంగ మొదళ్ళలోను పొంచియుండి, చిన్న చేపలను, కప్పలను మ్రింగును. దానిని పట్టువారు కప్పపిల్లను గాలమునకు గ్రుచ్చి, నీటిపై ఎగురుచున్నట్లు ఆడింతురు. ఈ కాలమున రబ్బరుతో చేసిన కప్పలు వచ్చినవి. వానిని తామరాకులపై వేసి, ఆగి ఆగి లాగుచుండగా కొరమీను నిజమైన కప్ప యని భ్రమించి ఎగిరి పట్టును. మాసిడోనియా జాలరుల యీకల యీగకును, మన చెరువులలోని రబ్బరుకప్పకును సూత్ర మొక్కటియే. ప్రాణమున్న కప్పను గ్రుచ్చి బాధింప నక్కరలేకుండుటయు, పొలములోని పురుగులను తిను కప్ప రైతునకు మిగులుటయు దీని వలన కలుగు మేళ్ళు.

అయితే ఈ కొరమీను విషయముననే గాలము వేయువాని ధర్మమునకు గొప్ప పరీక్ష కలుగును. వానకాలమున కొరమీను జంట నాచును, ఆకులను తొలగించి నీటిపై గూడు వంటి చోటు సిద్ధపరచుకొని, అచ్చట గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు నీటిపై తేలియుండును. పిల్లలు పుట్టిన పిమ్మట వేలకొలదిగా ఒక ముద్దవలె గుమిగూడి తిరుగును. వాని రంగు నారింజపండు వలె ఎర్రగా నుండును. గాలి పీల్చుటకై అవి మాటిమాటికి పైకి వచ్చుటచే ఆ చోట నీరు ఉడుకుచున్నట్లు కనిపించును. వాని క్రింద పెద్దచేప కావలి యుండును.

జనగామ ప్రాంతపు ఏ చిన్న చెరువుగట్టుననైనను వానకాలమున ఇట్టి దృశ్యమును చూడవచ్చును. ఒక వృద్ధ జాలరియు, అతని మనుమడును గాలములతో వచ్చిరనుకొనుడు. ఇంట బియ్యము నిండుకొన్నవి. ఒక పెద్ద కొరమీను దొరకినచో అంగడికి పంపి సరకులు తెచ్చుకొనవచ్చును. అంతలో మనుమడు వ్రేలు చాపి యిట్లనును:

"తాతా! అదిగో, ఆ తుంగ ప్రక్కన నీరు ఉడుకుచున్నది. ఎర్రని మచ్చ కదలుచున్నది. కప్పను అచ్చట వేయుదునా?"

"వద్దు బిడ్డా! అవి కొరమీను పిల్లలు. వాని క్రింద తల్లియో తండ్రియో కాచుకొని యుండును."

"అయితే మరియు మంచిది గదా! చేప యున్న చోటనే గాలము వేయవలెనని నీవే చెప్పితివి."

"చెప్పితిని. కాని ఆ చేప ఇప్పుడు ఆకలితో లేదు, కోపముతో నున్నది. పిల్లల మీదికి ఏది వచ్చినను అది తిండియా కాదా యని చూడదు; వచ్చి కరచును. దానిని పట్టుటకు నేర్పు అక్కరలేదు. కన్నులు మూసికొని వేసినను చిక్కును."

"చిక్కిన పిదప ఆ పిల్లలేమగును?"

"సాయంకాలమునకే ఉండవు. జెల్లలు తినును, కొంగలు తినును, తక్కిన కొరమీనులే తినును. ఒక్క చేపను మనము పట్టుదుము. వేయి చేపలు పోవును."

బాలుడు కొంతసే పూరకుండి, మరల అడుగును: "మనము పట్టకున్నను వేరొకడు పట్టును గదా, తాతా! అప్పుడు మనకు మిగిలినదేమి?"

ఈ ప్రశ్న చిన్నది కాదు. లోకమున ధర్మమును విడుచువారందరును ఈ ప్రశ్ననే వేసికొందురు. వృద్ధుడు తన గాలమును చుట్టుచు ఇట్లనును: "పట్టవచ్చును బిడ్డా. వాని చేతిని నేను పట్టుకొనలేను. నా చేతిని నేను పట్టుకొనగలను. రేపు సంఘపు కూటమున వానికిని చెప్పుదును. వినినచో మంచిదే, విననిచో, ఈ చెరువు చెడుటకు నా గాలము కారణము కాలేదని యుండును. పద, అలుగు దగ్గర జెల్లలు మేయును."

నాటి రాత్రి వారింట కూర చిన్నదే యగును. అంగడికి పంపుట కేమియు మిగులదు. సరకులకు అప్పు చేయవలసియే వచ్చునేమో! ధర్మము ఊరక దొరకునది కాదనుటకు ఇదియే తార్కాణము. ఆ వృద్ధుడు విడిచిన లాభము చిన్నదైనను, అతని యింటికి అది చిన్నది కాదు.

కొరమీను విషయమున ఇంత జాగ్రత్త యేల యని విద్యార్థులు అడుగవచ్చును. దానికి కారణము కలదు. బొచ్చె, రవ్వ, మ్రిగాల్ అను చేపలు నిలిచిన నీటిలో గ్రుడ్లు పెట్టవు. వానకు పొంగి పారు నదీజలములే వానికి కావలెను. అందుచే పూర్వము నదులలో పిల్లలను ఏరి తెచ్చి చెరువులలో విడుచుచుండిరి. 1957 జూలై 10వ తేదీన ఒరిస్సాలోని అంగుల్ నందు హీరాలాల్ చౌధురి, ఆలికున్హి అను శాస్త్రజ్ఞులు చేపమెదడు క్రిందనుండు గ్రంథి నుండి తీసిన రసమును సూదితో నెక్కించి, ఈ చేపలచే కొలనులోనే గ్రుడ్లు పెట్టించిరి. ఆ దినమును నేడు దేశమంతట చేపల రైతుల దినముగా జరుపుకొనుచున్నారు. ఆ పద్ధతి వలన పుట్టిన పిల్లలే ఇప్పుడు చెరువులకు వచ్చుచున్నవి. తెలంగాణమున ప్రభుత్వము 2016 నుండి చెరువులలో ఉచితముగా చేపపిల్లలను విడుచు పథకమును ఆరంభించెను.

కావున బొచ్చెను, రవ్వను పట్టివేసినను, మరుసటి యేడు పిల్లలను తెచ్చి విడువవచ్చును. పరకలు, జెల్లలు, మార్పులు, కొరమీనులు అట్లు కాదు. చెరువులో తమంతట తాము పెరుగు చేపలివి. ఆ చెరువుననే పుట్టి, ఆ చెరువుననే పిల్లలను పెంచును. పిల్లలను కాచు కొరమీనును పట్టినవాడు వచ్చే యేటి పంటకు దాచిన విత్తనపు గింజను వండుకొని తినిన రైతు వంటివాడు.

ఈ కాలముననే ప్రజల కోరికయు పెరుగుట ఒక చిక్కు. జూన్ నెల 7, 8 తేదీల ప్రాంతమున మృగశిర కార్తె ప్రవేశించును. ఆ దినమున చేప తినుట తెలుగునాట ఆచారము. వేసవి పోయి వానలు వచ్చు సంధికాలమున దేహమునకు వేడి కావలెనని పెద్దలందురు. ఆనాడు పల్లెలందును పట్టణములందును చేపల అంగళ్ళు క్రిక్కిరిసి యుండును. అదే సమయమున చేపలు గ్రుడ్లతో నిండి యుండును. ఆచారమును పాటించుట తప్పు కాదు. వేసవిలో నీరు తగ్గిన చెరువులలో సంఘమువారు పట్టిన చేపలతో ఆ పండుగ తీరును. కాని మృగశిర పోయిన పిమ్మట, తొలివానలు పడి చెరువులు నిండునపుడు చేయి వెనుకకు తీయవలెను.

తొలివరద వచ్చి చెరువు మత్తడి దుమికినపుడు మరియొక వేడుక జరుగును. నీరు పారు దిక్కునకు ఎదురుగా చేపలు గుంపులుగా ఎక్కుచుండును. వాని కడుపుల నిండ గ్రుడ్లుండును. పిల్లలు, పెద్దలు బుట్టలతో, వలలతో, చీరకొంగులతో సైతము పరుగెత్తి పట్టుదురు. అప్పుడు పట్టినది ఒక్క చేపయైనను, దాని కడుపులోని చెరువంతయు దానితో పోవును. గాలపు విద్య నెరిగినవాడు ఆ దినమున గట్టుపై నిలిచి చూచును, చేయి చాపడు.

వానకాలము గడచిన పిమ్మట గాలము వేయుటకు అడ్డు లేదు. అయినను మరికొన్ని నియమములను మరువరాదు. మొదటిది చెరువుపై హక్కు గలవారిని గౌరవించుట. చెరువులలో చేపలు పట్టు హక్కు సాధారణముగా ఊరి మత్స్యకారుల సహకార సంఘమునకు ఉండును. ముదిరాజులు, గంగపుత్రులు మొదలగువారు దానిపై బ్రతుకుదురు. వినోదమునకై పట్టణము నుండి గాలముతో వచ్చినవాడు సంఘపు పెద్దను అడిగిన పిమ్మటనే గట్టున కూర్చుండవలెను. ఒకని వినోదము మరియొకని కూటికి అడ్డు కారాదు.

రెండవది చిన్నచేపను విడుచుట. చేప దేహముపై జిగురు పొర కలదు. రోగములనుండి దానిని కాచునది ఆ పొరయే. పొడిచేతితో పట్టినచో అది ఊడిపోవును. కావున చేయి తడుపుకొని పట్టి, గాలమును మెల్లగా తీసి, నీటిలో నిలిపి, అది తానై ఈదిపోవువరకు ఆగవలెను. విసరివేయరాదు. గాలపు ముల్లునకు వెనుకనుండు కొక్కెమును ఆకురాతితో అరుగదీసినచో గాలము సులభముగా వచ్చును. చేపకు గాయము తక్కువగును. తినుటకై ఉంచుకొను చేపను గట్టుపై గిలగిల కొట్టుకొనుచు వదలివేయరాదు. కొరమీను వంటి చేప నీటి వెలుపల చాలసేపు ప్రాణముతో నుండి బాధపడును. చంపవలసినచో వెంటనే చంపుట కనికరము.

మూడవది నీటికి కీడు చేయకుండుట. కొందరు దుర్మార్గులు మందుగుండు ప్రేల్చియు, విషము కలిపియు, విద్యుత్తును నీటిలో పంపియు చేపలను చంపుదురు. పెద్దచేపతోపాటు పిల్లయు, కప్పయు, నత్తయు చచ్చును. ఆ నీరు త్రాగు పశువునకును ప్రమాదము. తీగ పట్టినవానికే ప్రాణాపాయము. మందుగుండును, విషమును వాడుట నేరమని 1897వ సంవత్సరపు భారత మత్స్య చట్టమే శాసించినది. తెగిన నైలాను దారమును గట్టుపై పారవేయుటయు తప్పే. అది కుళ్ళిపోదు, కొంగల కాళ్ళకు చుట్టుకొని వానిని చంపును. తెగిన ముక్కను చుట్టి సంచిలో వేసికొని పోవుట ప్రతివాని విధి.

చెరువునకు కట్ట యుండును, సంఘ ముండును, అడుగువారుందురు. నది సంగతి వేరు. భూపాలపల్లి జిల్లాలోని కాళేశ్వరమున ప్రాణహిత వచ్చి గోదావరిని కలియును. ముక్తేశ్వరుని దర్శింపవచ్చిన యాత్రికులు ఆ సంగమమున స్నానము చేయుదురు. అచ్చటి నీరు ఒక యూరికి చెందినది కాదు. చెరువులో గ్రుడ్లు పెట్టని బొచ్చెయు, రవ్వయు వరదకాలమున అట్టి నదులలోనే సంతానమును కనును. అచ్చట కాపలావాడు లేడు గదా యని వరదకాలమున విచ్చలవిడిగా పట్టుట అందరి సొత్తును ఒకడు దోచుట యగును. చూచువాడు లేనిచోట పాటింపబడునదే నిజమైన నియమము. వరదవేళ నదీతీరమున నిలుచుట గాలము వేయువాని ప్రాణమునకును అపాయము.

జనగామ జిల్లా పాలకుర్తి మండలమున బమ్మెర గ్రామము కలదు. మహాకవి పోతన పేరుతో ప్రసిద్ధి కెక్కిన గ్రామ మది. ఆయన తెనిగించిన భాగవతమున, ఎనిమిదవ స్కంధమున మత్స్యావతార కథ వచ్చును. సత్యవ్రతుడను రాజు కృతమాలా నదిలో జలతర్పణము చేయుచుండగా అతని దోసిట ఒక చిన్నచేప చిక్కెను. తిరిగి నీట విడువబోగా, పెద్ద చేపలు తనను మ్రింగునని అది మొరపెట్టుకొనెను. రాజు జాలినొంది దానిని తన కమండలువులో ఉంచి కాపాడెను. ఆ చేపయే పెరిగి పెరిగి, ప్రళయకాలమున అతని నావను లాగి అతనిని కాపాడెను.

ఈ కథను బమ్మెర చుట్టుపట్ల చెరువులందు గాలము వేయు ముసలివారు చాలమంది ఎరుగుదురు. వారు చేపలను పట్టుటయు మానలేదు; తినుటయు మానలేదు. అది వారి జీవనము. అయినను తుంగ ప్రక్కన ఎర్రని పిల్లల గుంపు కనబడినపుడు గాలమును చుట్టి, మరియొక చోటికి పోవు పెద్దలు వారిలో నున్నారు. ఆ పెద్దల వెంట నడచు మనుమలు నీటిని చూచుట నేర్చుకొనవలెను. నీటిలోని ప్రాణమును చూచుటయు నేర్చుకొనవలెను. అప్పుడు మైలమ త్రవ్వించిన చెరువును, గణపతిదేవుని సముద్రమును, ఊరి చివరి చిన్నకుంటయు రాబోవు తరములకును చేపలనిచ్చుచుండును.

ప్రశ్నలు

1. 'మత్స్యవినోదము' ఏ గ్రంథములోనిది? అందలి విషయము లేవి?
2. చేప నోటిని చూచి దాని మేతను ఎట్లు తెలిసికొనవచ్చును?
3. మాసిడోనియా జాలరుల యీకల యీగకును, రబ్బరుకప్పకును గల పోలిక యేమి?
4. పిల్లలను కాచు కొరమీనును పట్టుట ఏల తగదు? బొచ్చెకును కొరమీనుకును గల భేద మేమి?
5. "మనము పట్టకున్నను వేరొకడు పట్టును గదా!" అను మాటకు వృద్ధుడు ఇచ్చిన సమాధానమును మీ సొంతమాటలలో వ్రాసి, మీ నిత్యజీవితమున దానికి తగిన యుదాహరణ మొకటి ఇండు.